రెండు వేళ్ల వదులు

నత్రజని క్యాన్‌ను గోనెసంచిలో నిలబెట్టి, వెనక సీటు మీద రబ్బరు ట్యూబుతో మూడు చుట్లు చుట్టాడు బీరప్ప. కొసను పళ్లతో పట్టి లాగి ముడి వేశాడు. చేతులతో లాగిన ముడి నడిగూడెం చేరేలోపు ఊడుతుందని, పళ్లతో లాగింది ఊడదని ఆయన లెక్క. ఇరవై నాలుగేళ్లుగా ఊడలేదు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. యాభై ఏడేళ్లకు నెత్తి మీద జుట్టు పోయింది గానీ పళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

క్యాన్ అంటే పాల క్యాన్ కాదు. మూతి ఇరుకుగా, పొట్ట గుండ్రంగా ఉండే అల్యూమినియం పాత్ర. మూత తీస్తే తెల్లటి పొగలు కక్కేంత చలి లోపల. ఆ చలిలో సన్నటి గొట్టాలలో మేలుజాతి దున్నపోతుల వీర్యం నిల్వ ఉంటుంది. ఎదకొచ్చిన బర్రె ఉన్న ఇంటికి వెళ్లి, గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లలో కరిగించి, బర్రెకు ఎక్కించి రావడం, ఊళ్ల మాటలో సూది వేయడం, బీరప్ప పని. కాగితాల మీద గోపాలమిత్ర అంటారు. ఊళ్లలో బీరప్ప డాక్టరు అంటారు. పశువుల దవాఖాన డాక్టరు పక్కనున్నప్పుడు మాత్రం అట్లా పిలవొద్దని ఆయనే అందరినీ బతిమాలుకుంటాడు.

చొక్కా జేబులో సబ్బుముక్క, ప్యాంటు జేబులో జర్దా డబ్బా ఉన్నాయో లేదో తడిమి చూసుకుని కిక్కు రాడ్డును మడమతో బయటికి తీశాడు.

"మెల్లగ కొట్టు," అంది సుగుణ, వాకిట్లో నీళ్లు చల్లుతూ.

"మెల్లగ కొడితే ఇది లేస్తదా?"

పోయినేడు సూర్యాపేటలో గుండె డాక్టరు చెప్పిందీ అదే. ఒక నరం సగానికి పైగా మూసుకుపోయింది, స్ప్రింగు వేయించుకో, బరువులెత్తకు, ఆ కిక్కు బండి వదిలేయ్ అన్నాడు. "బతిమాలితే లేసే బండి కాదు సార్ అది," అని బీరప్ప జవాబిచ్చాడు. స్ప్రింగు సంగతి ఎండాకాలం పోయాక చూద్దామన్నాడు. ఏ ఎండాకాలమో చెప్పలేదు. నాలుక కింద పెట్టుకునే మాత్రలు మాత్రం తెచ్చుకున్నాడు. వాటిని పాత జర్దా డబ్బాలో, బండి చైను తెగితే వేసే లాకుల పక్కనే పెట్టాడు. జర్దా అప్పటితో మానేశాడు. డాక్టరు చెప్పిన వాటిలో ఆ ఒక్కటి విన్నాడు, అదీ డబ్బాలో చోటు చాలక.

మూడో కిక్కుకు బండి లేచింది.

ఆ పొద్దున తొందర ఉంది. తెల్లవారుజామున అయిదింటికే తండా నుంచి రుక్కమ్మ ఫోన్ చేసింది. నడిగూడెం దాటి కాలువ కట్ట మీదుగా పోతే వస్తుంది ఆమె ఉండే తండా. నిన్న మాపటేళ బర్రె ఎదకొచ్చిన గుర్తుగా తీగలు తీగలుగా జిగురు వేసిందట. ఎండాకాలంలో బర్రెలది మూగ ఎద. అరవవు, గంతులెయ్యవు, ఎదకొచ్చి పోయిన సంగతి కూడా చాలామందికి తెలియదు. రుక్కమ్మ కనిపెట్టింది. భర్త పోయాక ఆమె పొద్దంతా చూసేది ఆ బర్రెనే.

కానీ ఆ బర్రెకు ఇప్పటికి మూడుసార్లు సూది వేస్తే మూడుసార్లూ పొర్లింది. అంటే చూలు నిలవక మళ్లీ ఎదకొచ్చింది. వట్టి బర్రెకు ఎన్నాళ్లు గడ్డి వేస్తామని రుక్కమ్మ కొడుకు లచ్చిరాం బేరగాడితో మాట్లాడుకున్నాడు. రేపు పశువుల అంగడి. అంగడికి పోయిన వట్టి బర్రె ఎక్కడికి పోతుందో రుక్కమ్మకు తెలుసు. సాయంత్రం ఎద కనబడితే మర్నాడు పొద్దున సూది పడాలి. మధ్యాహ్నం దాటాక వేస్తే బూడిదలో పోసిన పన్నీరే.

"ఇగ ఇదే ఆఖరు డాక్టరూ. పెందలకడ రా," అంది రుక్కమ్మ. ఆ గొంతు చెవిలో పెట్టుకునే బయలుదేరాడు.

కోదాడ దాటి నడిగూడెం రోడ్డెక్కాక గానీ తేడా తెలియలేదు. మొదటి గుంటలో బండి పడి లేచింది. బీరప్ప చెవి దేనికోసమో ఆగింది. రెండో గుంట వచ్చింది. ఏమీ లేదు. చైను చప్పుడు చేయడం లేదు.

ఆ చప్పుడు సంగతి చెప్పాలి. ఇరవై ఏడేళ్ల కింద, పెళ్లికి ముందు, ఈ బండిని మిర్యాలగూడలో నర్సింగరావు అనే రైసుమిల్లు షావుకారు దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నాడు. "చైను జర సతాయిస్తది, సూసుకో," అని షావుకారు ముందే చెప్పాడు. వస్తువు అమ్ముతూ నిజం చెప్పిన షావుకారు ఆయనొక్కడే అని బీరప్ప ఇప్పటికీ అంటాడు. అప్పటి నుంచీ చైనును రెండు వేళ్ల వదులు పెట్టి నడుపుతున్నాడు. వదులు చైను గుంట తగిలినప్పుడల్లా రేకు కవరుకు కొట్టుకుని టకటకమంటుంది. అది డొక్కు బండి కూత అని కోదాడ కుర్రాళ్లు నవ్వుతారు. ఊళ్లలో నవ్వరు. పొలిమేరలో ఆ చప్పుడు వినగానే ఆడవాళ్లు బర్రెను నీడకు కట్టేసి, బకెట్టు నీళ్లు పెట్టి, సిద్ధంగా ఉంటారు. ఫోన్లు ఎత్తని ముసలివాళ్లకు కూడా చైను మాట వినపడుతుంది.

ఇవాళ అది మూగబోయింది. దిగి చూద్దామా అనుకున్నాడు. వెనక నట్టు విప్పి సవరించాలంటే పావుగంట. రుక్కమ్మ గొంతు గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు చూద్దాంలే అనుకుని గ్యాసు పెంచాడు. తప్పు ఎక్కడ జరిగిందని తర్వాత అందరూ తలా ఒక మాట అన్నారు గానీ, ఈ ముక్క బీరప్పదే.

దారిలో ఒక ఊళ్లో సైదయ్య ఇంటి ముందు ఆగాడు. అక్కడ ఒక ఆవుకు సూది వేసి పోవాలి. కొట్టం ఖాళీగా ఉంది. సైదయ్య పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని బయటికొచ్చి, డాక్టరును చూసి నెత్తి గోక్కున్నాడు.

"సప్పుడు రాలే గద డాక్టరూ. ఇయ్యాల రావనుకోని ఇప్పేసిన."

"ఇప్పి ఎంతసేపాయె?"

"ఇప్పుడే. నువ్వు మూల తిరిగినప్పుడే పోయింది."

సైదయ్య పరుగెత్తి, చేలల్లో నుంచి ఆవును తోలుకొచ్చేసరికి అరగంట పోయింది. సూది వేసి, చేయి కడుక్కుని, చాయ్ వద్దని మళ్లీ బండెక్కాడు. ఎనిమిదిన్నర. ఎండ అప్పుడే నెత్తి మీద చేయి పెట్టింది.

కాలువలో నీళ్లు లేవు. వదిలేది వానాకాలంలోనే. కట్ట మీద ఎర్రమట్టి బాట, ఇటు తుమ్మలు, అటు కోతలైన వరిమళ్లు. మనిషి జాడ లేదు. బండి ఒక గుంటలో దిగింది. క్యాను బరువూ మనిషి బరువూ వెనక చక్రం మీద పడ్డాయి. ఫట్‌మంది. ఇంజను ఒక్కసారిగా గట్టిగా అరిచింది, బండి మాత్రం ముందుకు పోవడం మానేసింది.

బీరప్ప దాన్ని అట్లాగే దొర్లనిచ్చి తూము గోడ పక్కన ఆపాడు. వెనక్కి నడిచి, ఇరవై అడుగుల దూరంలో మట్టిలో పడి ఉన్న చైనును తీసుకొచ్చాడు. ఒక లింకు పక్క రేకు రెండు ముక్కలయింది. ఇంకో మనిషైతే బండిని తిట్టేవాడు, లేదా కాలితో తన్నేవాడు. బీరప్ప ముందు క్యాన్‌ను విప్పి నీడలో పెట్టాడు. తర్వాత తువ్వాలు పరిచి దాని మీద ప్లయరు, స్పానరు, మొండి ఇనుప పుల్ల, జర్దా డబ్బా వరసగా పెట్టాడు. చైను తెగడం ఆయనకు కొత్త కాదు. ఇది పన్నెండోసారి. వాన పడుతుంది, బర్రె తన్నుతుంది, చైను తెగుతుంది. వీటిలో దేని మీదా కోపగించుకుని లాభం లేదని ఆయన ఎప్పుడో తేల్చేసుకున్నాడు. తెగని రోజు బండెక్కుతాను, తెగిన రోజు దిగుతానంటే అది సవారీ కాదు, బేరం అంటాడు.

అయితే తెగిన తీరు మాత్రం చిరాకు పుట్టించింది. లింకు అరిగి తెగలేదు, లాగుడుకు తెగింది. చైనును ఎవరో బిగించారు.

ఎవరో అన్నది ఫోన్ మోగగానే తెలిసింది. కొడుకు జగదీష్. సూర్యాపేటలో బైకుల షోరూంలో పని చేస్తాడు. బండ్లు అమ్మే పనే గానీ విప్పే పని కాదు.

"నాయినా, ఎట్లుంది బండి?" గొంతులో సంబరం.

"ఏం జేసినవ్ రా దాన్ని?"

"రాత్రి నువ్వు పండుకున్నంక చైను బిగిచ్చిన. వీడియో సూసుకుంట. సప్పుడు పోయిందా లేదా?"

బీరప్ప చేతిలో వేలాడుతున్న చైనును చూశాడు. పిల్లవాడు మెచ్చుకోలు కోసం చేశాడు ఫోను.

"సప్పుడు పోయింది. చైను గూడ పోయింది."

బీరప్పకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. కానీ రాత్రి పూట నడుము వంచి నూనె చేతులతో కూర్చున్న కొడుకు కళ్లకు కట్టి, సగం దిగిపోయింది.

"స్టాండు మీద బిగిచ్చినవా, మనిషిని కూసోబెట్టి బిగిచ్చినవా?"

"స్టాండు మీదనే."

"గదే. ఖాళీ బండికి సరిపోయిన చైను, బరువు పడ్డంక సరిపోదు కొడుకా. చక్రం కిందికి పైకి ఆడతది. దానికి వదులుండాలె. మీ అమ్మ ఐతారం పూట బండి మీద ఎందుకు కూసుంటదనుకున్నవ్, షోకుకా?"

ఆదివారం పొద్దున ఆ వీధి వాళ్లకు అదొక వేడుక. సుగుణ చెంగు నడుముకు దోపుకుని బండెక్కి, నత్రజని క్యాన్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. బీరప్ప కింద గొంతుక్కూర్చుని, రెండు వేళ్లు చైను కింద పెట్టి ఎత్తి చూస్తాడు. రెండు వేళ్లు ఆడాలి, మూడోది ఆడకూడదు. "అయిందా, పొయ్యి మీద పాలున్నయ్," అంటుంది ఆమె. కొడుక్కి ఊహ తెలిసినప్పటి నుంచీ ఇది చూస్తూనే ఉన్నాడు. ఎందుకని ఏనాడూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు.

"నేనొస్త నాయినా. పర్మిషన్ అడిగి గంటల వస్త."

"నువ్వొచ్చెవరకు బర్రె ఎద పోతది. నీ పని సూసుకో."

"అందుకే చెప్తున్న, ఆ కరెంటు బండి తీసుకుందాం. దానికి చైనే ఉండది."

"మరి దాంట్ల ఏం తెగుతది?"

"ఏం తెగది."

"తెగనిది ఏదీ లేదు జగదీషూ. తెగినప్పుడు ఈ కట్ట మీద కూసోని నా చేత్తోని నేను బాగుచేసుకునేది ఉంటే చెప్పు, రేపే కొంట."

ఫోన్ పెట్టేసి, విరిగిన లింకును తూము గోడ మీద పెట్టి, ఇనుప పుల్ల ఆనించి రాయితో కొట్టడం మొదలుపెట్టాడు. ఒక పిన్ను సులువుగా ఊడింది. రెండోది మొండికేసింది. అదెంత మొండిదో ఈయన అంతకంటే మొండి. ముప్పై దెబ్బలు కొట్టాడు. ఎడమ భుజంలో నుంచి మోచేతి దాకా ఏదో పాకింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, జర్దా డబ్బా వైపు చూశాడు. అందులో రెండు చైను లాకులు, రెండు మాత్రలు. లాకు ఒకటి తీసుకుని మూత పెట్టేశాడు. మాత్ర వేసుకుంటే తలనొప్పి వస్తుంది, కళ్లు తిరుగుతాయి, రుక్కమ్మ ఇంటికి పోయాక చూద్దామనుకున్నాడు.

ముప్పై ఒకటో దెబ్బకు పిన్ను ఊడింది. విరిగిన లింకును విసిరేయలేదు. తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంటి దగ్గర కొట్టం గోడకు ఒక దండెం తీగ వేలాడుతుంటుంది. దానికి అట్లాంటి లింకులు పదకొండు గుచ్చి ఉన్నాయి. మొదటిది చిలుకూరులో తెగింది. బండి కొన్న కొత్తలో, పాలు పోసుకుని తిరిగే రోజుల్లో, ముసురు వానలో ఒక ఇంటి చూరు కింద బండి ఆపాడు. లాకులు దగ్గర పెట్టుకోవాలన్న తెలివి అప్పటికి లేదు. ఆ ఇంటి పిల్ల దండెం మీది తడి బట్టలు తీసి కుప్ప పోసి, తీగ విప్పి తెచ్చి చేతిలో పెట్టింది. తీగ ముక్కను పిన్నులాగా దూర్చి, కొసలు మడిచి, నడిచినంత మెల్లగా బండిని కోదాడ చేర్చాడు. మిగిలిన తీగ తిరిగివ్వడానికని మూడు రోజులకు మళ్లీ వెళ్లాడు. వాళ్ల నాయిన తీగ తీసుకోలేదు, కూర్చోమన్నాడు. ఆ పిల్లే సుగుణ. బట్టలు మళ్లీ మట్టయ్యాయని ఆ రోజు తల్లి చేత తిన్న తిట్లు ఆమె ఇప్పటికీ అప్పజెప్తుంది.

లాకు పడింది. వెనక నట్టు వదులు చేసి, చక్రాన్ని ముందుకు జరిపాడు. బండి మీద కూర్చోబెట్టడానికి సుగుణ లేదు. ఆమె లేకపోతే మూడు వేళ్లు. అదీ ఆయనకు లెక్కే. మూడు వేళ్లు పెట్టి చూసి, నట్టు బిగిస్తుండగా రుక్కమ్మ ఫోన్ చేసింది.

"బేరగాడు ఒక రోజు ముందే దిగిండు డాక్టరూ. లచ్చిరాం తాడు ఇప్పుతుండు. నేను బర్రెకు అడ్డం కూసున్న. యాడున్నవ్?"

"కట్ట మీద. లేవకు అక్కా. గట్లనే కూసో."

సామాను సంచిలో కుక్కి, క్యాన్ కట్టి, పళ్లతో ముడి లాగి, కిక్కు కొట్టాడు. మూడు కొట్టాడు. గుంటలో పడగానే చైను టకటకమంది. ఆ చప్పుడుకు ఆయన ప్రాణం లేచి వచ్చింది.

తండాలో వేపచెట్టు కింద బర్రె, బర్రె ముందు నేల మీద రుక్కమ్మ, ఆమె ముందు చేతులు కట్టుకుని లచ్చిరాం, కొంచెం దూరంలో ట్రాలీ ఆటో పక్కన బేరగాడు. చైను చప్పుడు పొలిమేరలోకి రాగానే రుక్కమ్మ లేచి బర్రె మీద బకెట్టు నీళ్లు గుమ్మరించింది. బీరప్ప బండి దిగేసరికి దాన్ని గుంజకు బిర్రుగా కట్టేసి ఉంది.

"డాక్టరు సాబ్, ఇడిసిపెట్టు," అన్నాడు లచ్చిరాం. "మూడుసార్లాయె. అది ఖరాబు బర్రె."

"ఖరాబు అని నువ్వెట్ల చెప్తవ్? చేయి పెట్టి సూసినవా?"

"ఇగ కట్టదు అది."

"నా బండి చైను ఇయ్యాలటికి పన్నెండుసార్లు తెగింది లచ్చిరాం. పన్నెండుసార్లూ ఏసుకోని వచ్చిన. మూడుసార్లకే నువ్వు ఖతం అంటవా?"

బేరగాడు నవ్వాడు. బీరప్ప అతని వైపు చూడలేదు. చొక్కా విప్పి గుంజకు తగిలించి, భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకున్నాడు. క్యాన్ మూత తీస్తే తెల్లటి పొగ లేచి ఎండలో కరిగిపోయింది. గొట్టాన్ని నీళ్లలో ముంచి ముప్పై దాకా లెక్కపెట్టాడు, తుడిచాడు, కొస కత్తిరించాడు. ఎడమ చేయి లోపలికి పోనిచ్చి కళ్లు మూసుకున్నాడు. ఈ పనికి కళ్లతో పని లేదు. ఎడమ చేయి గుంజుతోంది. తొందరపడలేదు. గర్భాశయ ద్వారం వేళ్లకు తగిలింది, గర్భసంచి బిగువుగా ఉంది, ఎద ఇంకా ఉంది. కుడి చేత్తో మెల్లగా, అయిదు దాకా లెక్కపెడుతూ వదిలాడు.

"గంట దాక పండనియ్యకు అక్కా. నీళ్లు కొట్టుకుంట ఉండు."

చేతులు కడుక్కుని, చొక్కా వేసుకుని, బీరప్ప లచ్చిరాం ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది, గొంతు మాత్రం దిగలేదు.

"మూడు నెలలు ఆగు. తొంభయ్యో రోజు నేనే ఈ బండి మీదనే వచ్చి చేయి పెట్టి సూస్త. సూడి కట్టకుంటే తాడు నేనే పట్టుకోని అంగడికి తోల్త. మాట."

లచ్చిరాం తల్లిని చూశాడు, బర్రెను చూశాడు. "మూడు నెల్లే," అన్నాడు. బేరగాడు ఆటో స్టార్ట్ చేశాడు.

రుక్కమ్మ చెంబు నిండా చల్ల తెచ్చి ఇచ్చింది. బీరప్ప నిలబడే తాగాడు. కాసేపు మంచం మీద ఒరుగు అంటే, ప్లయరు తూము గోడ మీద మర్చిపోయి వచ్చాను, ఎవరైనా ఎత్తుకపోతారు అని బండెక్కాడు. చైను చప్పుడు కట్ట మీదికి ఎక్కడం, దూరమవడం రుక్కమ్మ విన్నది. బర్రె పండకుండా చూస్తూ అక్కడే నిలబడింది.

పన్నెండున్నరకు మేకలు తోలుకుపోతున్న ముసలాయన తూము దగ్గర బీరప్పను చూశాడు. బండి స్టాండు వేసి ఉంది. క్యాన్ నీడలో దించి ఉంది. బీరప్ప తూము గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నాడు, ప్లయరు ఒళ్లో ఉంది. చేతిలో జర్దా డబ్బా తెరిచి ఉంది. అందులో ఒక లాకు, ఒక మాత్ర మిగిలాయి. రెండో మాత్ర నాలుక కింద పెట్టుకున్నాడు. పలకరిస్తే పలకలేదు. కునుకు తీస్తున్నాడేమో అనుకుని ముసలాయన మేకలను చప్పుడు కాకుండా పక్కకు మళ్లించబోయి, అప్పుడు ఆగి చూశాడట.

ఆ సాయంత్రం బండి తేవడానికి జగదీష్ కట్ట మీదికి వెళ్లాడు. మూడో కిక్కుకు లేచింది, ఎప్పటిలాగే.

"ఆ డొక్కు బండే మింగింది మనిషిని," అని ఎవరో అన్నారు చావింట్లో. బండి తప్పేమీ లేదని జగదీష్‌కు తెలుసు. తప్పు ఎవరిదో కూడా తెలుసనుకున్నాడు. నెలరోజులు ఆ బండి వైపు చూడలేదు. ఒకరోజు పాత ఇనుము కొనేవాడిని వెంట తెచ్చాడు. సుగుణ గడపకు అడ్డంగా నిలబడి ఆ మనిషిని పంపించేసింది. తర్వాత కొడుకును కూర్చోమంది.

"నేను చైను బిగియ్యకుంటే తెగకపోయేది అమ్మా. ఎండల గంట కూసునేటోడు కాదు."

"అవును, తెగకపోయేది," అంది సుగుణ. ఆమె ఏడవలేదు, కొడుకు తప్పును తీసిపారేయనూ లేదు. "ఇంకోనాడు తెగేది. డాక్టరు స్ప్రింగు ఏసుకోమన్నడు, ఏసుకోలె. మాత్ర ముందుగాల ఏసుకునేది ఉండె, ఏసుకోలె. బర్రె పనే ముందన్నడు. గది నువ్వు బిగిచ్చినవా?"

జగదీష్ లేవబోతే ఆమె మళ్లీ కూర్చోబెట్టింది.

"ఇంకో మాట ఇను. చిలుకూరుల ఆ చైను తెగకపోతే నువ్వే లేవు. తెగింది గాబట్టే నేనీ ఇంటికొచ్చిన. తెగినందుకు ఏడ్సుడుంటే, ఆడికెల్లి ఏడ్వాలె."

తొంభయ్యో రోజు ఆదివారం పడింది. కొత్త గోపాలమిత్ర, శోభారాణి అనే అమ్మాయి, స్కూటీ మీద నేరుగా తండాకు వస్తానంది. బీరప్ప మాట ఇచ్చింది ఈ బండి మీద వస్తానని, కాబట్టి ఈ బండే పోవాలని సుగుణ తేల్చింది. పొద్దున్నే చెంగు దోపుకుని బండెక్కి కూర్చుంది. నత్రజని క్యాన్ ఆఫీసుకు ఇచ్చేశారు. దాని బదులు బియ్యం మూట ఒళ్లో పెట్టుకుంది. జగదీష్ కింద గొంతుక్కూర్చుని రెండు వేళ్లు చైను కింద పెట్టాడు.

"ఆడుతున్నయా?"

"ఆడుతున్నయ్."

"మూడోది?"

"ఆడతలేదు."

"ఇగ బిగియ్యి," అంది ఆమె.

తల్లిని వెనక ఎక్కించుకుని పోయాడు. వానలు పడ్డాయి, కాలువ నిండుగా పారుతోంది. తండా పొలిమేరలో గుంటలు ఎక్కువ. చైను టకటకమంటూ మూల తిరిగేసరికి రుక్కమ్మ బర్రెను గుంజకు కట్టేస్తూ కనిపించింది. ఆ చప్పుడుకు చేతులు వాటంతట అవే తాడు అందుకున్నాయి. తల ఎత్తి, బండి మీదున్నది ఎవరో చూసింది. తాడు వదల్లేదు. చెంగుతో ముఖం తుడుచుకుని ముడి గట్టిగా బిగించింది.

శోభారాణి తొడుగు వేసుకుని చేయి పెట్టింది. లచ్చిరాం దూరంగా నిలబడ్డాడు. ఆ అమ్మాయి కూడా కళ్లు మూసుకుంది. చాలాసేపు మూసుకుంది.

"సూడి," అంది. "మూడో నెల."

లచ్చిరాం ఇంట్లోకి పోయి పచ్చగడ్డి మోపు తెచ్చి బర్రె ముందు వేశాడు. తర్వాత బండి దగ్గరికి వచ్చి, దాని చైను కవరు మీద అంటిన బురదను అరచేత్తో తుడిచాడు.

ఇంటికొచ్చాక సుగుణ బీరువాలో దాచిన బీరప్ప ఆనాటి చొక్కా జేబులో నుంచి విరిగిన లింకు తీసి కొడుకు చేతికిచ్చింది. జగదీష్ కొట్టంలోకి పోయి, పదకొండో లింకు పక్కన దాన్ని దండెం తీగకు గుచ్చాడు. ఊడిపోకుండా కొస వంచి ముడి వేయబోతే సుగుణ చేయి పట్టుకుంది.

"ముడెయ్యకు. రేపు నీది తెగుతది," అంది.

కొట్టం గోడకు, తుప్పు పట్టిన మేకు మీద, పన్నెండు లింకులతో ఆ తీగ వేలాడుతోంది. కింద కొంచెం పైకి వంచి వదిలేసిన కొసలో ఇంకో జానెడు తీగ ఖాళీగా ఉంది.